చివరిదాకా దిగని పిడి

ఏప్రిల్ 28, ఆదివారం

తూటాలు నింపే ప్రెస్ మళ్ళీ మొండికేసింది. వంద తూటాలు చేయడానికి పదకొండు సార్లు ఆగాల్సి వచ్చింది. కాలిన ప్రైమర్, అదే తూటాకి నిప్పంటించే చిన్న బిళ్ళ, డొప్ప అడుగున సగం బయటికీ సగం లోపలికీ ఇరుక్కుని ఉండిపోతోంది. అది ఊడితే తప్ప పళ్ళెం తిరగదు. స్క్రూడ్రైవరుతో పీకడం, నాలుగు బూతులు తిట్టడం, మళ్ళీ మొదలుపెట్టడం. మధ్యాహ్నమంతా ఇదే సరిపోయింది.

మిల్లులో రంపాలకు పదును పెట్టే పనిలో ముప్పై ఒక్క ఏళ్ళు ఉన్నాను. ఏ రంపం తేడా చేసినా కాగితం మీద పెట్టేవాణ్ణి. వరసగా రాసుకుంటూ పోతే తప్పు ఎక్కడుందో దానంతటదే బయటపడేది. దీన్నీ అలాగే పట్టుకుంటాను.

పిడి కిందికి లాగితే పళ్ళెం పైకి లేస్తుంది. పళ్ళెంలో నాలుగు ఇత్తడి డొప్పలు. ఒక్క లాగుకి నాలుగింటికీ నాలుగు పనులు. మొదటిదాంట్లోకి పిన్ను దిగి, పాత కాల్పులో కాలిపోయిన ప్రైమర్‌ని కిందికి నెట్టేయాలి. అది టిక్కుమని కప్పులో పడాలి. రెండోదాంట్లో పౌడర్, అదే పేలుడు మందు, పడుతుంది. మూడోదాంట్లో గుండు కూర్చుంటుంది. నాలుగోది బిగుసుకుని తయారైపోతుంది. పిడి వెనక్కి నెట్టినప్పుడు మొదటి డొప్పలో కొత్త ప్రైమర్ ఎక్కుతుంది. లాగు, నెట్టు, పళ్ళెం తిప్పు, ఒక తూటా. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని.

సాయంత్రం మా చెల్లెలు తోరా వచ్చి మూడు పెట్టెలు తీసుకెళ్ళింది. గురువారం క్లబ్బులో కాల్పుల సాధనలో నూటికి తొంభై ఒక్క ఇనుప పలకలు పడగొట్టిందట. "నీ తూటాలు ఉండగా నాకేంటి" అంది.


ఏప్రిల్ 30

డొప్పలు శుభ్రం చేయడానికి వాటిని మొక్కజొన్న కండె పొడిలో దొర్లిస్తాను. ఆ పొడి అడుగున ఉండే చిన్న రంధ్రంలో ఇరుక్కుని ఉంటుంది. పిన్ను దానికే తగిలి ఆగిపోతూ ఉంటుంది. ఇదే కారణం. రెండు వందల డొప్పల్ని ఒక్కొక్కటీ దీపానికి ఎదురుగా పట్టుకుని చూశాను.

నాలుగింట్లో పొడి ఉంది. రెండు వందలకు నాలుగు.


మే 2

ఇవాళ చాలా పాడుపని జరిగింది. కాలిన ప్రైమర్ బయటికి వచ్చినట్టే వచ్చి, పిన్నుకి అంటుకుని మళ్ళీ లోపలికే పోయింది. నేను చూసుకోలేదు. పిడి వెనక్కి నెట్టాను. కొత్త ప్రైమర్ పాతదాని మీదికి ఎక్కి నలిగిపోయింది. పేలలేదు. పేలి ఉంటే ప్రెస్ పక్కన నిలువు గొట్టంలో ఉన్న తొంభై కొత్త ప్రైమర్లూ వరసగా అంటుకునేవి.

కాసేపు బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. కుడి చెయ్యి వణుకుతోంది. ఎవరికైనా వణుకుతుంది.


మే 5, ఆదివారం

తోరా పొద్దున్నే వచ్చింది, తలుపు కూడా తట్టకుండా.

"ఏం ముసలోడా, ఉన్నావా పోయావా?"

"పోతే తూటాలు ఎవరు చేసిపెడతారు నీకు?"

"అందుకే చూడ్డానికొచ్చా."

నాకు అరవై ఏడు, దానికి అరవై రెండు. ముసలోడినట నేను. దుప్పి మాంసం సాసేజీలు వేయించింది. కాఫీ కప్పు నా కుడి చేతి పక్కన కాకుండా ఎడమ పక్కన పెట్టింది. ఎందుకలా పెట్టావని అడగబోయి ఊరుకున్నాను. వెళ్ళేటప్పుడు, కాలిస్పెల్ ఊళ్ళో డాక్టరు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందా అని అడిగింది. రాలేదన్నాను. జూన్‌లో రమ్మని ఏప్రిల్‌లోనే వచ్చింది. ఫ్రిజ్ మీద ఉంది.

మూడు పెట్టెలు.


మే 9

పిన్ను విరిగింది. కొత్తది వేశాను. పది నిమిషాల్లో అదీ వంగింది. ఎవరివో వేరే డొప్పలు కలిసిపోయాయేమో, విదేశీ డొప్పలకు అడుగున రెండు రంధ్రాలు ఉంటాయి కదా, పిన్ను మధ్యలో గుద్దుకుంటుంది. వెతికాను. ఒక్కటీ లేదు. అన్నీ నావే. అడుగున నేను గీసిన ఆకుపచ్చ గీత అన్నింటికీ ఉంది.

తల ప్రాణం తోకకొచ్చింది.


మే 14

చివరికి ప్రెస్ కంపెనీకి ఫోన్ చేశాను. ఇరవై రెండేళ్ళలో ఇదే మొదటిసారి. డెల్ అని ఒక కుర్రాడు. గొంతు చూస్తే ముప్పై కూడా ఉండవు.

"సార్, పిన్ను పట్టుకునే డై ఎంత కిందికి బిగించారు?"

చెప్పాను.

"పిన్ను ఎంత బయటికి ఉంది?"

చెప్పాను.

"కప్పులోకి జారే దారిలో మసి పేరుకుందేమో చూశారా?"

"బాబూ, నువ్వు నిక్కర్లేసుకున్నప్పటి నుంచీ తుడుస్తున్నా ఆ దారి."

నవ్వాడు. తర్వాత కొంచెం మెల్లగా అడిగాడు. "సార్, ఏమీ అనుకోకండి. పిడి చివరిదాకా లాగుతున్నారా?"

నాకు ఒళ్ళు మండింది. లాగకపోతే ఏం చేస్తాను, ముద్దు పెట్టుకుంటానా అన్నాను.

"అది కాదు సార్. చివరి అంగుళం దిగకపోతేనే ప్రైమర్ ఇలా సగంలో ఆగుతుంది. అదొక్కటే అయితే పర్లేదు, కంటికి కనిపిస్తుంది. కానీ పిడి పూర్తిగా దిగకపోతే పక్కన పౌడర్ కూడా తక్కువ పడుతుంది కదా. అది కనిపించదు. ఒక్కసారి వేరే ఎవరి చేతైనా లాగించి చూడండి."

లైను సరిగ్గా లేదని ఫోన్ పెట్టేశాను. లైను బాగానే ఉంది.


మే 15

దాని జోలికి పోలేదు.


మే 16

వర్షం. పోలేదు.


మే 17

వేరే ఎవరినో పిలిచి లాగించాలట. ఎవరిని పిలుస్తాను? తోరాని తప్ప.

స్టూలు ఇటు జరుపుకుని ఎడమ చేత్తో లాగాను. పౌడర్ లేకుండా, గుండు లేకుండా, ఉత్త డొప్పలు. యాభై. టిక్, టిక్, టిక్. యాభై ప్రైమర్లూ కప్పులో పడ్డాయి. లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను.

స్టూలు అటు జరిపి కుడి చేత్తో ఇంకో యాభై. ముప్పై ఎనిమిది పడ్డాయి.


మే 18

నిన్నటి పిన్ను మొన అరిగి ఉంది. మొనని నున్నగా సానపట్టాను. ప్రైమర్ అంటుకోవడానికి కారణం అదే అయ్యుంటుంది. ఎడమ చేత్తో లాగినప్పుడు మనిషి బరువు వేరేలా పడుతుంది, దానికీ దీనికీ పోలిక లేదు. ఇంత చిన్న విషయానికి మూడు వారాలు కొట్టుకున్నాను.

మధ్యాహ్నం రెండు వందలు చేశాను. ఇరవైసార్లు ఆగింది. పదిహేనుసార్లు అని రాద్దామనుకున్నాను. ఇరవైసార్లు.


మే 19, ఆదివారం

తోరాకి నాలుగు పెట్టెలు ఇచ్చాను. నిన్నటి రెండూ అందులో ఉన్నాయి.

మా క్లబ్బులో గేటు పక్కన చెక్క మీద రాసి ఉంటుంది, ఒకరు చేసిన తూటా ఇంకొకరు కాల్చకూడదని. రాసి లేకపోయినా ఎవడూ కాల్చడు. తండ్రి చేసినది కొడుకు కాల్చడు. తుపాకీ పట్టుకున్నవాడి చేతివేళ్ళు, కళ్ళు, పక్కవాడి ప్రాణం, అన్నీ ప్రెస్ ముందు కూర్చున్నవాడి బుద్ధి మీద ఆధారపడి ఉంటాయి. తోరా ఒక్కతే కాలుస్తుంది, నావి. కొట్లో కొన్నవి కూడా ముట్టుకోదు. "మా అన్నవి తప్ప వద్దు" అని మొదటిరోజే అందరి ముందూ అంది. నవ్వారు. అది అన్నీ పడగొట్టాక నవ్వడం మానేశారు.

నేను ఎవరికైనా పనికొచ్చానంటే దీనికే.


మే 25

గొలుసు రంపం స్టార్ట్ కాలేదు. తాడు లాగి లాగి వదిలేశాను. పాత పెట్రోలు.


జూన్ 1, శనివారం

ఇంక ఆగలేకపోయాను. నా దగ్గర మిగిలిన పెట్టెల్లో ఒకటి తీసి, వందలో ఇరవై తూటాల్ని త్రాసు మీద పెట్టాను. మూడు తేలిక. డొప్పల బరువులో తేడాలు ఉంటాయి, అందరికీ తెలుసు. అయినా ఆ మూడింటినీ తూటాలు విప్పే బోలు సుత్తిలో పెట్టి కొట్టి విప్పాను. ఎడమ చేత్తో కొట్టాను.

ఒకదాంట్లో పౌడర్ మూడు వంతులు ఉంది. ఒకదాంట్లో సగం కంటే తక్కువ. మూడోదాంట్లో అడుగున చిటికెడు.

చిటికెడు పౌడర్‌తో గుండు బయటికి రాదు. తుపాకీ గొట్టం మధ్యలో ఆగిపోతుంది. పలకల పోటీలో మనిషి ఆగి ఆలోచించడు, రెప్పపాటులో రెండోసారి నొక్కుతాడు. రెండో గుండు మొదటిదాని వెనక తగులుతుంది. గొట్టం పగులుతుంది. మొహం ముందు.

మూడింటి పౌడర్‌నీ మూడు ప్లాస్టిక్ సంచుల్లో పోసి బల్ల మీద పెట్టాను. మిల్లులో లాగానే చీటీలు రాసి అంటించాను. రాసేసరికి పది నిమిషాలు పట్టింది. నా అక్షరాలు నాకే అసహ్యంగా ఉన్నాయి.

తోరా దగ్గర ఎన్ని ఉన్నాయి? ఏప్రిల్ నుంచి పది పెట్టెలు. అంతకుముందు, చెయ్యి పట్టు తప్పడం మొదలైన జనవరి నుంచి, ఎన్ని ఇచ్చానో రాసుకోలేదు.

రేపు వస్తుంది. రేపు చెప్తాను.


జూన్ 2, ఆదివారం

చెప్పలేదు.

వచ్చింది, హకల్‌బెర్రీ పళ్ళు పెట్టి కాల్చిన తీపి రొట్టె తెచ్చింది, ఇద్దరం తిన్నాం. పదిహేనో తారీఖు మిసూలాలో రాష్ట్ర పోటీకి పేరు ఇచ్చానంది. "ఈసారి మూడో స్థానంలోపు రాకపోతే నీదే తప్పు" అంది. నవ్వాను. ఎలా నవ్వానో.

చెప్పడం ఎంతసేపు? నా చెయ్యి పోయింది, అవి కాల్చకు. రెండు ముక్కలు. అవి అన్నాక ఇక ఆదివారాలు ఎందుకు వస్తుంది? పెట్టెలు లేకపోతే మా ఇద్దరి మధ్యా మాట్లాడుకోవడానికి ఏముంది? మా ఇంట్లో ఎవరికీ ఊరికే వచ్చి కూర్చునే అలవాటు లేదు. నాన్న పోయినప్పుడు కూడా బండి ఇంజిన్ గురించే మాట్లాడుకున్నాం.

ఇవాళ పెట్టెలు తయారు కాలేదన్నాను. తన దగ్గర సరిపడా ఉన్నాయంది.


జూన్ 4

ఇరవైలో మూడే. మిగతా పదిహేడూ బాగున్నాయి.


జూన్ 5

ఫోన్ చేశాను. ఎత్తింది. "ఏంటి ఆరిన్?" అంది. నాలుగు మేకులు కావాలి, ఉన్నాయా అన్నాను. తెస్తానంది.


జూన్ 6, గురువారం

సాధన ఐదింటికి. నాలుగున్నరకి బండి తాళాలు తీసుకున్నాను. క్లబ్బు గేటు దాకా వెళ్ళి వెనక్కి తిప్పాను. అందరి ముందూ ఏం చెప్తాను? "మా అన్నవి తప్ప వద్దు" అన్న మనిషి పక్కన నిలబడి ఏం చెప్తాను?

ఫోన్ పక్కన కూర్చున్నాను. మోగితే తోరా గొంతు కాకుండా ఇంకెవరి గొంతైనా వినిపిస్తుందేమోనని దాన్నే చూస్తూ ఉన్నాను. ఐదు. ఆరు. ఏడు. ఏడుంపావుకి మోగింది. ఎత్తలేకపోయాను. ఆగి మళ్ళీ మోగింది.

"ఎక్కడ చచ్చావ్? తొంభై నాలుగు!" అంది తోరా.

మంచిదన్నాను. ఫోన్ పెట్టేశాక సింకులో కక్కుకున్నాను. తర్వాత చాలా హాయిగా అనిపించింది. ఇంతవరకూ ఏమీ కాలేదు కదా, ఇక కాదేమో అని కూడా అనిపించింది. అలా అనిపించినట్టు ఇక్కడ రాస్తున్నాను, రేపు కాదనకుండా.


జూన్ 9, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పోటీకి నాలుగు పెట్టెలు బల్ల మీద పెట్టి ఉంచాను. ఎందుకు పెట్టానో తెలియదు, చెప్పాలనే అనుకున్నాను. తోరా మేకుల పొట్లం పక్కన పెట్టి చెయ్యి చాపింది. పై పెట్టె ఇచ్చాను. అది లాగింది. నేను వదల్లేదు.

"ఏంటి, కుస్తీనా?"

"ఇవి కాల్చకు."

"ఏమయింది వీటికి?"

"ఇవే కాదు. జనవరి నుంచి ఇచ్చినవేవీ కాల్చకు. పౌడర్ తక్కువ పడింది. పిడి చివరిదాకా దిగట్లేదు. చెయ్యి... నా చెయ్యి దాన్ని దించలేకపోతోంది."

తోరా పెట్టె వదిలేసి స్టూలు మీద కూర్చుంది. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుంది.

"తెలుసు" అంది.

జనవరి ఆఖర్లో ఒకటి 'టుప్' అందట. చప్పుడు తేడాగా వినిపించి ఆగింది. గొట్టంలోకి ఇనుప చువ్వ పెట్టి గుండుని వెనక్కి కొట్టి తీసింది. ఎవరికీ చెప్పలేదు. తర్వాతి గురువారం ఇంకొకటి. ఆ రోజు నుంచి తుపాకీ పెట్టెలోంచి తీయలేదు. సాధనకి వెళ్ళి పలకలు నిలబెట్టి, అందరి స్కోర్లూ రాసి వస్తోంది. నా పెట్టెలన్నీ దాని గ్యారేజీలో సీలు కూడా తీయకుండా ఉన్నాయి. నేను నింపడానికి అది తెచ్చిచ్చే ఖాళీ డొప్పలు ఎప్పటివో పాత డబ్బాల్లోవి.

"మరి మొన్న తొంభై నాలుగు?"

"నోటికొచ్చింది చెప్పా."

"కొట్లోవి కొనుక్కోకపోయావా?"

"నీవి తప్ప కాల్చనని చెప్పా కదా. వేరేవి పట్టుకెళ్తే ఊళ్ళో అందరికీ ఆ సాయంత్రమే తెలిసిపోదూ, నీ పని అయిపోయిందని?"

"పోటీకి పేరు ఇచ్చానన్నావు!"

"ఇచ్చా. ముందురోజు మోకాలు పట్టేసిందని చెప్దామనుకున్నా."

అప్పుడు నాకు కోపం వచ్చింది. ఎన్నేళ్ళయిందో అంత కోపం వచ్చి. ఐదు నెలలు నన్ను చంటిపిల్లాణ్ణి చేసి ఆడించావన్నాను. ఒక్క ముక్క చెప్పి ఉంటే ఎప్పుడో ఆపేసేవాణ్ణి కదా అన్నాను. నీ జాలి ఎవడడిగాడన్నాను. తోరా అన్నీ వింది. మధ్యలో అడ్డు రాలేదు.

"చెప్పి ఉంటే ఆపేసేవాడివే" అంది. "ఆపేసి ఏం చేసేవాడివి ఆరిన్? పొద్దున్న లేచి ఎటు పోయేవాడివి? నాకు భయమేసింది. అంతే."

ఆ మాటకి నా కోపమంతా కారిపోయింది. అక్కడితో అయిపోతే బాగుండేది. నేను దాని భుజం మీద చెయ్యి వేయబోతున్నాను కూడా.

"నీకెప్పుడు తెలిసింది?" అని మామూలుగానే అడిగింది.

"నిన్న."

ఎందుకన్నానో. అలా నోట్లోంచి వచ్చేసింది. తోరా తల ఊపింది. ఊపుతూ బల్ల మీదికి చూసింది. సంచులు మూడూ అక్కడే ఉన్నాయి. పైదాన్ని తీసి చీటీ చదివింది. నా వంకర అక్షరాలు కావడంతో దగ్గరగా పెట్టుకుని, పైకి చదివింది. "పౌడర్ చిటికెడు. జూన్ ఒకటి."

గోడ మీది క్యాలెండర్ వైపు చూసింది. వేళ్ళతో లెక్కపెట్టలేదు. అక్కర్లేదు.

"గురువారం ఆరో తారీఖు" అంది.

నేను మేకుల పొట్లం పక్కకి జరిపాను.

"నేను వెళ్ళానని నీకు తెలుసు. కాలుస్తున్నాననే అనుకున్నావు కదా."

ఎన్నో సాకులు నోటిదాకా వచ్చాయి. ఇరవైలో మూడే అని. గేటు దాకా వచ్చానని. ఫోన్ చేశానని, మేకులు అడిగానని.

"అవును" అన్నాను.

తోరా సంచి ఎక్కడ తీసిందో అక్కడే పెట్టింది. టోపీ పెట్టుకుంది. నాలుగు పెట్టెలూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఎత్తుకుని, వీటిని విప్పేసి పారేస్తానని చెప్పి వెళ్ళిపోయింది. బండి స్టార్ట్ అవడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ అందులో కూర్చుని ఏం చేసిందో నేను కిటికీలోంచి చూడలేదు.


జూన్ 11

ప్రెస్‌కి గుడ్డ కప్పాను.


జూన్ 15

మిసూలాలో ఈరోజు పోటీ.


జూన్ 16, ఆదివారం

రాలేదు. రెండు కప్పుల కాఫీ పెట్టాను. రెండూ నేనే తాగాను.

అది నాకు ఐదు నెలలు అబద్ధం చెప్పింది, నా మొహం వాడిపోకూడదని. నేను ఎనిమిది రోజులు నోరు మూసుకున్నాను, నా మొహం వాడిపోకూడదనే. ఇద్దరం ఒకటే చేశామని చెప్పుకోవడానికి పొద్దుటినుంచీ ప్రయత్నిస్తున్నాను. కుదరడం లేదు. నా ఒక్కగానొక్క చెల్లెలు తుపాకీ మొహానికి దగ్గరగా పట్టుకుని నిలబడుతుందని తెలిసి ఫోన్ పక్కన కూర్చున్నాను. తప్పు పిన్నుది కాదు, పొడిది కాదు, చేతిది కూడా కాదు.


జూన్ 18, మంగళవారం

కాలిస్పెల్ డాక్టరు దగ్గరికి ఇవాళ రమ్మన్నారు. ఎవరినీ అడగలేదు. ఏడింటికి గుమ్మం ముందు తోరా బండి ఉంది. తారీఖు దానికి ఎలా తెలుసో, ఉత్తరం ఫ్రిజ్ మీద ఎప్పుడు చూసిందో.

దారంతా రేడియో. క్షమించమని అడుగుదామని రెండుసార్లు గొంతు సవరించుకున్నాను. రెండుసార్లూ అది రేడియో కొంచెం పెంచింది.

డాక్టరమ్మ సూదులు గుచ్చి, తీగలు పెట్టి, చెయ్యి ఎత్తమంది, నెట్టమంది, లాగమంది. ఆమె చెప్పింది ఇక్కడ రాయను. జబ్బు పేరు మూడక్షరాలు. ఎడమ చేతికి కూడా వస్తుందట.

బట్టలు వేసుకోమని ఆమె బయటికి వెళ్ళింది. చొక్కా గుండీలు నా వల్ల కాలేదు. తోరా మూలన కుర్చీలోంచి లేచి వచ్చి ఒక్కొక్కటే పెట్టింది, కిందినుంచి పైకి. మెడ దగ్గరికి వచ్చేసరికి దాని మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. నేను చూస్తూనే ఉన్నాను. అది కళ్ళెత్తలేదు. పై గుండీ పెట్టి, కాలరు సర్ది, "పద" అంది.